ఎనిమిది మంది అదరగొడుతున్నారు, మరి మిగతా నలభై మంది?

ఈసారి వచ్చిన ఉత్తరాలు చదువుతుంటే నవ్వొచ్చింది. టీచర్లు, పిల్లలు, ఒక తండ్రి, ఒక ప్రిన్సిపల్ గారు, అందరూ ఒకే తగువు మీద రాశారు, ఎవరి వైపు నుంచి వాళ్లు. స్కూల్లో పెద్ద క్వయర్, అంటే కలిసి పాడే బృందం, ఉంటుంది, అందులోంచి ఏరిన చిన్న బృందం ఒకటి ఉంటుంది, రిహార్సల్ టైమ్ మాత్రం ఒక్క బృందానికి సరిపోయేంతే ఉంటుంది. అందుకే మిగతా ప్రశ్నలన్నీ పక్కనపెట్టి ఈసారికి ఇదొక్కటే తీసుకుంటున్నాను.

ప్రశ్న: మా స్కూల్ క్వయర్‌లో 48 మంది ఉన్నారు. పై గొంతు నుంచి కింది గొంతు దాకా సోప్రానో, ఆల్టో, టెనర్, బేస్ అని నాలుగు పార్టులు, ఒక్కోదానికి విడి వరస. రెండేళ్ల కిందట వాళ్లలోంచి ఎనిమిది మందిని తీసి చిన్న బృందం పెట్టాను. వారానికి నాకు దొరికేది రెండు పీరియడ్లు, ఒక్కోటి 40 నిమిషాలు, అది కాక ఒక లంచ్ బ్రేక్‌లో 20 నిమిషాలు. మొదట్లో ఆ లంచ్ బ్రేక్ ఒక్కటే చిన్న బృందానికి ఇచ్చేదాన్ని. ఎక్కడ ప్రోగ్రామ్ ఉన్నా వాళ్లనే పిలుస్తుండటంతో పోను పోను ఒక పీరియడ్ మొత్తం వాళ్లకే పోతోంది. ఇప్పుడు పెద్ద బృందం పాడితే సగంలోనే శ్రుతి దిగిపోతోంది, ఆల్టోలు తమ వరస వదిలేసి సోప్రానోల వెంట పోతున్నారు. ఆరు వారాల్లో అందరూ కలిసి పాడాల్సిన ప్రోగ్రామ్ ఉంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. చిన్న బృందాన్ని ఆపేయమంటారా?
(ఒక సంగీతం టీచర్)

జవాబు: ఆపేయకండి మేడమ్. ఆపేస్తే ఆ ఎనిమిది మంది ముఖాలు మాడ్చుకుని పెద్ద బృందంలో కూర్చుంటారు, అంతకుమించి ఏమీ జరగదు, నలభై మంది శ్రుతి అలాగే ఉంటుంది.

ముందు మీ లెక్క మీకే చూపిస్తాను. వారానికి మీ చేతిలో ఉన్నది 100 నిమిషాలు. అందులో పెద్ద బృందానికి 40, చిన్న బృందానికి 60 పోతున్నాయి. ఆ ఎనిమిది మంది రెండింట్లోనూ ఉంటారు కాబట్టి వాళ్లకి వంద నిమిషాలూ అందుతున్నాయి, మిగతా వాళ్లకి నలభయ్యే. ఇది మీరు కావాలని చేసింది కాదు, పిలుపు వచ్చినప్పుడల్లా ఓ పది నిమిషాలు అటు జరిగాయి, అలా జరిగి జరిగి పీరియడే అటు వెళ్లిపోయింది. నా దగ్గరా ఇలాగే అయింది, కాకపోతే నాకు తెలిసేసరికి రెండేళ్లు కాదు, నాలుగేళ్లు పట్టింది.

సరే, పెద్ద బృందానికి మిగిలిన ఆ నలభై నిమిషాలన్నా నిజంగా నలభయ్యేనా? అటెండెన్స్, కుర్చీలు సర్దుకోవడం, గొంతు వార్మప్ కలిపి ఎనిమిది నిమిషాలు అనుకుందాం. మిగిలినవి 32. నాలుగు పార్టులకీ ఒకరి తర్వాత ఒకరికి వరస నేర్పిస్తే తలా ఎనిమిది నిమిషాలు. అంటే ఒక్కొక్కరు ఎనిమిది నిమిషాలు పాడి 24 నిమిషాలు ఊరికే కూర్చుంటున్నారు, పైగా అందరూ కలిసి పాడటానికి ఒక్క నిమిషం కూడా మిగల్లేదు. ఇక ఆల్టోలు సోప్రానోల వెంట పోక ఏం చేస్తారు, తమ వరస విన్నది ఎనిమిది నిమిషాలు, మిగతావాళ్లవి విన్నది అంతకు మూడింతలు.

ఒకసారి నా రిహార్సల్లో టెనర్లకి ఒక వరస పట్టుబడక పదే పదే పాడిస్తున్నాను. ఆల్టోల్లో వెనక కూర్చున్న ఒకమ్మాయి తల వంచుకుని ఎంతో శ్రద్ధగా కాగితం చూస్తోంది. పాట మీద ఎంత ధ్యాస అని మురిసిపోయి దగ్గరికి వెళ్తే, నొటేషన్ కాగితం కింద లెక్కల నోట్‌బుక్, హోంవర్కు ఏడో లెక్క దాకా వచ్చేసింది, పెన్సిల్ చివర కొరికి కొరికి పీచులా అయిపోయింది. తిట్టబోయి ఆగాను. పావుగంటగా నేను ఆ వైపే చూడలేదు, ఆ పిల్ల తన టైమ్ తను వాడుకుంది, నేనే వాడుకోలేకపోయాను.

కాబట్టి ఏ బృందానికి ఎన్ని పీరియడ్లు అన్న పంపకం తర్వాత చూద్దాం, ముందు నోరు మూసుకుని కూర్చున్న నిమిషాలు ఎన్నో లెక్క తీయండి. వాటిని తగ్గించడానికి మీ దగ్గర ఇప్పటికే మనుషులున్నారు, ఆ ఎనిమిది మందే. పార్టుకి ఇద్దరు చొప్పున సరిగ్గా సరిపోతారు. వార్మప్ అవగానే పావుగంట పాటు నాలుగు పార్టులూ నాలుగు మూలలకి వెళ్లాలి, ఒకరు ఈ గదిలో, ఒకరు పక్కన ఖాళీగా ఉన్న క్లాసులో, ఒకరు వరండాలో, ఇలా. ఇద్దరిలో ఒకరు కీబోర్డు మీదో ఫోన్లోనో స్వరం ఇచ్చి పాడించాలి, రెండోవాళ్లు పాడకుండా వినాలి. వినేవాళ్లు ఉండటం చాలా ముఖ్యం, లేకపోతే లీడర్ గొంతు వెనక అందరూ దాక్కుంటారు, ఆ పాడేది లీడర్ ఒక్కరే అవుతారు. మీరు నాలుగు చోట్లకీ తిరుగుతూ ఉండండి, ఎక్కడా మూడు నిమిషాలకి మించి నిలబడకండి.

పని మాత్రం కచ్చితంగా చెప్పి పంపాలి. ‘వెళ్లి మీ పార్టు చూసుకోండి’ అంటే పావుగంట కబుర్లతో గడిచిపోతుంది. చీటీ మీద రాసివ్వండి: ‘రెండో పేజీ మూడో లైను, ఎనిమిది బార్లు, ముందు మాటల్లేకుండా ‘నూ’ అని, తర్వాత మాటలతో, చివరి స్వరం నాలుగు మాత్రలూ నిలవాలి.’ అంతే. బార్ అంటే నొటేషన్లో రెండు నిలువు గీతల మధ్య ఉండే భాగం. ఈ పద్ధతిలో పదిహేను నిమిషాలూ వినే నలుగురు తప్ప మిగతా 44 మందీ పాడుతుంటారు. తిరిగొచ్చాక మీకు పదిహేడు నిమిషాలు మిగులుతాయి, అందరినీ కలిపి పాడించడానికి. పావుగంట దాటనివ్వకండి, అది దాటితే పిల్లల్లో ఎవరో ఒకరు జోకు వేస్తారు, అక్కడితో ఆ రోజుకి సరి.

ఇక రెండో పీరియడ్. అది పెద్ద బృందానికి వెనక్కి ఇచ్చేయండి, మీకు కష్టంగా అనిపించినా సరే. కాకపోతే అదీ మొదటిదాన్లాగే నడపకండి, అందరినీ చిన్న చిన్న బృందాలు చేయండి. ఎనిమిదేసి మంది చొప్పున ఆరు బృందాలు, ప్రతిదాంట్లో నాలుగు పార్టులూ ఉండాలి. టెనర్లు తక్కువుంటే ఒకే టెనర్ రెండు బృందాల్లో పాడతాడు, పర్లేదు. ఒక పల్లవో, ఎనిమిది బార్లో ఇచ్చి పది నిమిషాలు సాధన చేయించి, తర్వాత ఒక్కో బృందం లేచి పాడాలి. ఒక్కోరికి నిమిషంన్నర కూడా పట్టదు.

ఇది ఎందుకు అంటున్నానో చెప్తాను. మీ ఎనిమిది మంది బాగా పాడటానికి కారణం వాళ్ల గొంతులు ఒక్కటే కాదు. ఎనిమిది మందిలో నిలబడితే తన గొంతు తనకి వినిపిస్తుంది, తప్పు పాడితే దాక్కోవడానికి చోటు ఉండదు. నలభై ఎనిమిది మందిలో ఈ రెండూ ఉండవు. చుట్టూ చప్పుడు పెరిగితే మనకి తెలియకుండానే గొంతు పెంచుతామని ఎటియెన్ లొంబార్ అనే ఫ్రెంచ్ డాక్టరు 1911లోనే చెప్పాడు. క్వయర్‌లో జరిగేది అదే, పక్కవాడు గట్టిగా పాడితే నా గొంతు నాకు వినపడక నేనూ గట్టిగా పాడతాను, నన్ను చూసి ఇంకొకరు, చివరికి అందరూ అరుస్తుంటారు, ఎవరూ వినరు. దీనికి పూర్తి వ్యతిరేకమైన జబ్బు ఇంకోటి ఉంది. 1979లో అమెరికాలో కొందరు మనస్తత్వ శాస్త్రవేత్తలు జనాన్ని పిలిచి చప్పట్లు కొట్టమన్నారు, అరవమన్నారు. గుంపు పెరిగేకొద్దీ ఒక్కొక్కరి నుంచి వచ్చే చప్పుడు తగ్గిపోయింది. ఇంతమంది ఉన్నారుగా, నేను తగ్గితే ఎవరికి తెలుస్తుంది అన్నమాట. మీ క్వయర్‌లో సగం మంది మొదటి రకం, సగం మంది రెండో రకం అయ్యుంటారు, ముందు వరసలో వాళ్లు అరుస్తుంటే వెనక వరసలో వాళ్లు పెదాలు కదుపుతుంటారు. చిన్న బృందంలో నిలబెడితే రెండు జబ్బులకీ ఒకే మందు. ఆ మందు ఎనిమిది మందికే ఎందుకు, అందరికీ ఇవ్వండి.

చిన్న బృందం సంగతి ఏంటంటారా? వాళ్లకి లంచ్ బ్రేక్ ఇరవై నిమిషాలు ఉండనివ్వండి, మొదట్లో ఉన్నట్టే. ఈ ఆరు వారాలూ వాళ్లకి కొత్త పాట వద్దు, వచ్చినవే పాడాలి. ఎవరైనా పిలిస్తే ‘ఈ నెల కుదరదండీ’ అనేయండి. మొదటిసారి అనడం కష్టం, రెండోసారి అలవాటైపోతుంది. పెద్ద బృందం పాడే పాటలో ఒక చరణం ఈ ఎనిమిది మందికి విడిగా ఇస్తే ఇంకా మంచిది, వాళ్ల సాధన అంతా పెద్ద పాటలోకే వచ్చి కలుస్తుంది, రెండు పాటలకి రెండు రిహార్సల్స్ అవసరం ఉండదు. నా మటుకు నేను చిన్న బృందం పాడే పాటల్లో సగమైనా పెద్ద బృందంతో ముడిపడి ఉండేలా చూసుకుంటాను.

శ్రుతి దిగిపోవడం గురించి ఒక మాట. రిహార్సల్ టైమ్ తగ్గినందుకే దిగుతోందని మీరు అనుకుంటున్నారు, అది కొంతవరకే నిజం. పిల్లలు వెనక్కి వాలి కూర్చుని పాడుతున్నారేమో చూడండి. ఒకే అచ్చు అక్షరాన్ని నలుగురు నాలుగు రకాలుగా పలుకుతున్నారేమో చూడండి, ‘ఆ’ అనేది ఒకరు నోరు నిలువుగా తెరిచి, ఒకరు అడ్డంగా సాగదీసి అంటే స్వరం ఒకటే అయినా కలవదు, చెవికి శ్రుతి తప్పినట్టే ఉంటుంది. కీబోర్డు మొదటి నుంచి చివరిదాకా వాయిస్తున్నారా? అయితే వాళ్లు వింటున్నది కీబోర్డుని, ఒకరినొకరు కాదు, అది ఆపగానే జారిపోతారు. రోజూ కొంచెంసేపు అది లేకుండా పాడించండి.

చివరగా ఒక పరీక్ష, రేపే చేయండి. ఆ ఎనిమిది మందినీ గది వెనక నిలబెట్టి, పాడకుండా వినమనండి. మిగతా నలభై మందితో పాట మొత్తం పాడించండి. మొదటిసారి నేను ఇలా చేసినప్పుడు రెండో చరణం మధ్యలో గది మొత్తం నిశ్శబ్దమైపోయింది, ఒక్క బేస్ కుర్రాడు మాత్రం కళ్లు మూసుకుని పాడుతూ పోయాడు, పాపం వాడికి మిగతావాళ్లు ఆపేసిన సంగతే తెలియదు. ఆ నిశ్శబ్దం ఏ బార్ దగ్గర వచ్చిందో రాసుకున్నాను. తర్వాత రెండు వారాల రిహార్సల్ ప్లాన్ అక్కడే దొరికింది.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి. చిన్న బృందంలో ఆల్టో పాడతాను. పెద్ద క్వయర్ రిహార్సల్ అంటే బోర్ కొడుతోంది, మాకు ఎప్పుడో వచ్చేసిన పాటే మళ్లీ మళ్లీ. మానేసి ఆ టైమ్‌లో చిన్న బృందం పాటలు ప్రాక్టీస్ చేసుకుంటామని సార్‌ని అడిగితే పొగరు అన్నారు. నిజంగా ఇది పొగరేనా?
(ఒక విద్యార్థిని)

జవాబు: పొగరు కాదమ్మా, బోరే. కానీ నువ్వు అడిగిన తీరు సార్‌కి పొగరులా వినిపించి ఉంటుంది. ‘మాకు వచ్చేసింది, మమ్మల్ని వదిలేయండి’ అంటే ఎవరికైనా కాలుతుంది. ‘సార్, ఈ పాట నాకు వచ్చింది, ఆల్టోల్లో ఇద్దరు ముగ్గురు ఇబ్బంది పడుతున్నారు, ఒక పది నిమిషాలు వాళ్లతో కూర్చోనా’ అని చూడు, ఏమంటారో.

ఇంకో సంగతి, పాట వచ్చేసింది అంటున్నావు, వచ్చింది నీ వరస. పెద్ద బృందంలో పాడటం అనేది వేరే పని, అది నీకు వచ్చో రాదో నాకు తెలియదు. ఉదాహరణకి ఊపిరి. చిన్న బృందంలో పార్టుకి ఒకరో ఇద్దరో ఉంటారు కాబట్టి నువ్వు ఊపిరి తీసుకుంటే ఆ పార్టుకే గండి పడుతుంది, అందుకే మాట తెగే చోట అందరూ కలిసి తీసుకుంటారు. పెద్ద బృందంలో అలా కాదు, ఒకరి తర్వాత ఒకరు, మాట మధ్యలో, సాగే అచ్చు మధ్యలో, పక్కవాళ్లు తీసుకోని చోట చూసి తీసుకోవాలి, మళ్లీ చప్పుడు కాకుండా సన్నగా వచ్చి కలవాలి. అప్పుడు పన్నెండు మంది ఆల్టోలు ఒక నిమిషం పాటు ఎక్కడా తెగకుండా ఒకే స్వరం నిలబెట్టగలరు, ఎనిమిది మంది బృందంలో ఎంత గొప్పవాళ్లున్నా ఇది ఇంత సాఫీగా కుదరదు. వచ్చే రిహార్సల్లో నీ ఎడమ పక్కమ్మాయి ఎక్కడ ఊపిరి తీసుకుంటోందో కనిపెట్టి, అక్కడ తప్ప ఇంకెక్కడైనా తీసుకో. పాట మొత్తం ఇలా పాడి చూసి, అప్పుడు బోర్ కొట్టిందేమో నాకు రాయి.

ఆ, పక్కవాళ్లు తప్పు పాడితే మోచేత్తో పొడవకు. నీ ఉత్తరంలో ఆ మాట లేదు కానీ, నేను కూడా ఒకప్పుడు తొమ్మిదో తరగతి ఆల్టోనే.

ప్రశ్న: మా వాడికి పదమూడేళ్లు. రెండేళ్లు స్కూల్ చిన్న బృందంలో సోప్రానో పాడాడు. ఈ మధ్య గొంతు కీచుమంటోందని బృందంలోంచి తీసేశారు, పెద్ద క్వయర్‌లో వెనక వరసలో నిలబెట్టారు. ఇంట్లో పాట అనేదే మానేశాడు. వెళ్లి టీచర్‌తో మాట్లాడమంటారా, వద్దా?
(ఒక తండ్రి)

జవాబు: మాట్లాడండి, కానీ మళ్లీ చిన్న బృందంలో పెట్టమని అడగడానికి కాదు. మీవాడికి జరుగుతున్నది గొంతు పాడవడం కాదు, మారడం. సుమారుగా 12 నుంచి 15 ఏళ్ల మధ్య మగపిల్లల స్వరపేటిక పెరుగుతుంది, లోపలి స్వరతంతువులు పొడవై మందమవుతాయి, గొంతు దాదాపు ఒక స్థాయి, అంటే పై స నుంచి కింది స దాకా ఉండేంత, కిందికి దిగుతుంది. వీణకి తంతి పొడవైతే ఏమవుతుందో ఇక్కడా అదే. అది ఒక్కరాత్రిలో అయ్యేది కాదు, నెలల తరబడి సాగుతుంది, మధ్యలో పైన కొన్ని స్వరాలు, కింద కొన్ని స్వరాలు పలికి, మధ్యలో రెండు మూడు అసలు పలకని రోజులు కూడా ఉంటాయి. ఆడపిల్లల గొంతు కూడా మారుతుంది, కాకపోతే రెండు మూడు స్వరాలే దిగుతుంది, కొన్నాళ్లు గాలి కలిసినట్టు ఉంటుంది, అందుకే ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

టీచర్‌ని అడగాల్సింది ఏమిటంటే, వీడికి ఇప్పుడు ఏ స్వరం నుంచి ఏ స్వరం దాకా హాయిగా పలుకుతోందో ఒక్క ఐదు నిమిషాలు విడిగా పాడించి చూడమని. తర్వాత ఆ పరిధిలో పడే పార్టు ఇవ్వమని. అది ఐదారు స్వరాలే అయినా పర్లేదు, మారుతున్న గొంతుల కోసమే ‘కాంబియాటా’ అని విడిగా పార్టు రాసే పద్ధతి కూడా ఉంది. మీవాడి వయసు పిల్లలు ఇంకో ముగ్గురు నలుగురు అక్కడ ఉండే ఉంటారు. వాళ్లందరినీ కలిపి వారానికి పది నిమిషాలు ఇస్తే అదీ ఒక చిన్న బృందమే. నలుగురి గొంతూ కీచుమంటుంటే ఎవరూ ఎవరినీ చూసి నవ్వరు, లేదా అందరూ కలిసి నవ్వుతారు.

పై స్వరాల కోసం బలవంతంగా అరిపించడం మాత్రం వద్దు, ఇంట్లో కూడా. ‘ఏదీ, ఆ పాత పాట ఒకసారి పాడు’ అని చుట్టాల ముందు అడగకండి. మీరు అడగలేదనే అనుకుంటున్నాను.

ప్రశ్న: నేను ఒక స్కూల్ ప్రిన్సిపల్‌ని. బాగా పాడేవాళ్లని ఏరి చిన్న బృందం చేయడమే తప్పు, అది పిల్లల్ని విడగొడుతుంది అని మా టీచర్లలో కొందరు అంటున్నారు. ఇంకొందరు ప్రతిభకి చోటు ఉండాలంటున్నారు. మీరేమంటారు?

జవాబు: ఏరడం కొత్తగా పుట్టిన పాపం కాదండీ. యోహాన్ సెబాస్టియన్ బాఖ్ అంతటి జర్మన్ సంగీతకర్త లైప్‌జిగ్‌లో ఒక స్కూలు పిల్లలకి పాట నేర్పాడు. ఆ పిల్లలే నాలుగు చర్చిలకి నాలుగు బృందాలుగా వెళ్లి పాడాలి. 1730 ఆగస్టులో ఆయన నగర మండలికి ఒక అర్జీ రాశాడు. అందులో పిల్లల్ని మూడు జాబితాలు చేశాడు: పనికొచ్చేవాళ్లు 17 మంది, ఇంకా పనికిరానివాళ్లు 20 మంది, అసలు పనికిరానివాళ్లు 17 మంది. సంగీతం రాని, ఏదో కాస్త కీర్తన పాడగలిగే వాళ్లని నాలుగో చర్చికి పంపుతున్నానని కూడా నిర్మొహమాటంగా రాశాడు. ఒక్కో బృందానికి కనీసం 12 మంది కావాలని, అంటే పార్టుకి ముగ్గురని, ఒకరికి ఒంట్లో బాగోకపోయినా పాట ఆగకూడదని, 16 మంది ఉంటే ఇంకా మంచిదని ఆయన గోల. మన టీచర్ల గోలే ఇది, దాదాపు మూడు వందల ఏళ్ల కిందట.

నాకు ఆ మూడు జాబితాల్లో మధ్యది నచ్చింది. ‘ఇంకా’ అన్నాడు చూడండి. మీ స్కూల్లో చిన్న బృందం ఉంటే తప్పులేదు, ఆ ‘ఇంకా’ జాబితాలో ఉన్న పిల్లలకి లోపలికి వచ్చే దారి ఉందా లేదా అన్నది చూడండి. ఒకసారి ఏరి మూడేళ్లు అదే బృందం నడిపితే మీ టీచర్లు చెప్పిందే నిజమవుతుంది. ప్రతి టర్మ్‌లో మళ్లీ పాడించి చూడండి, ఎనిమిది మందిలో ఇద్దరినో ముగ్గురినో మార్చండి, బయటికి వచ్చినవాళ్లకి పార్టు లీడర్ పని ఇవ్వండి. ఎంపిక అందరి ముందూ కాకుండా విడిగా జరగాలి. పెద్ద క్వయర్‌కి రానివాళ్లకి చిన్న బృందంలో చోటు లేదన్న నియమం ఒకటి రాసిపెట్టండి, దాన్ని మీరే కాపాడండి, ఎందుకంటే దాన్ని తప్పించమని వచ్చేది మామూలుగా మీ దగ్గరికే.

ఇంకోటి, మీరు ప్రిన్సిపల్ కాబట్టి చెప్తున్నాను. వారానికి ఒకసారి 40 నిమిషాలు ఇవ్వడం కన్నా రెండుసార్లు ఇరవై ఇరవై ఇస్తే పాట ఎక్కువ గుర్తుంటుంది. టైమ్‌టేబుల్ మీ చేతిలో ఉంది. టీచర్‌ని చిన్న బృందమా, పెద్ద బృందమా తేల్చుకోమనే ముందు, రిహార్సల్‌కి ఇంకో ఖాళీ గది ఇవ్వగలరేమో చూడండి. చాలా తగువులు గది దొరికితే తీరిపోతాయి.

ప్రశ్న: మా చిన్న బృందంలో పార్టుకి ఇద్దరు. విడివిడిగా ఇద్దరూ చక్కగా పాడతారు, కలిస్తే ఏదో వణుకుతున్నట్టు, అపశ్రుతిగా ఉంటుంది. ఎంత రిహార్సల్ చేసినా పోవడం లేదు.

జవాబు: రెండు అనే అంకెతోనే చిక్కు. ఒకరు సెకనుకి 440 కంపనాల దగ్గర, ఇంకొకరు 442 దగ్గర పాడితే సెకనుకి రెండుసార్లు ఆ శబ్దం పెరిగి తగ్గుతుంది, మీకు వినిపించే వణుకు అదే. ఒక్కరే పాడితే పోల్చడానికి ఇంకో గొంతు ఉండదు, ముగ్గురు నలుగురు పాడితే ఆ తేడాలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి చెవికి మెత్తగా తగులుతాయి, ఇద్దరైతే ఉన్నదున్నట్టు బయటపడుతుంది. కాబట్టి పార్టుకి ఒకరిని చేయండి, లేదా ముగ్గురిని. ఇద్దరే ఉండాలంటే ఒకరికొకరు ఎదురుగా నిలబెట్టి, సగం గొంతుతో ఒకే అక్షరం మీద వణుకు పోయేదాకా పట్టమనండి, రోజుకి రెండు నిమిషాలు చాలు. ఎక్కువసేపు చేస్తే అలసిపోయి ఇంకా వణుకుతారు.

ప్రశ్న: నేను పెద్ద బృందంతో ఉన్నప్పుడు చిన్న బృందం పక్క గదిలో టీచర్ లేకుండా రిహార్సల్ చేసుకోవచ్చా? పిల్లల మీద వదిలేస్తే అల్లరే అవుతుందని భయం.

జవాబు: చేసుకోవచ్చు, తలుపు తెరిచి ఉంచి, మీకు కనిపించేంత దూరంలో. పావుగంట ఇవ్వండి, ఒక ప్రశ్న రాసివ్వండి, ‘మూడో చరణం చివర ఎవరు ముందు ఆపేస్తున్నారు?’ లాంటిది. చివరి రెండు నిమిషాల్లో పాడింది ఫోన్లో రికార్డు చేసి మీకు తెచ్చివ్వాలి, జవాబుతో సహా. రికార్డింగ్ ఉందంటే సగం అల్లరి తగ్గుతుంది. మిగతా సగం ఉండనివ్వండి, పక్క గదిలోంచి నవ్వులు వినిపిస్తే వెంటనే లేచి వెళ్లకండి. నవ్వుల తర్వాత పాట మొదలైందేమో ఒక నిమిషం వినండి, మొదలవ్వకపోతే అప్పుడు వెళ్లండి.